ఇంటి ధాన్యము – ఇంటిలోని తగవు

ధాన్యము పండించుట ఒక యెత్తు. పండిన ధాన్యమును మరల పంట వచ్చువరకు చెడకుండ కాపాడుకొనుట మరియొక యెత్తు. మొదటి పనిని గురించి మన గ్రామములలో నలుగురు కూడి మాటలాడుకొందురు. రెండవది ఇంటి లోపలి పని. దానిని గురించిన చర్చ అత్తాకోడండ్ర నడుమ, తల్లీకొడుకుల నడుమ, తరచు వంటయింటి గడప దాటకుండ జరుగుచుండును. చర్చయని మేము మర్యాదకు వ్రాసితిమి. తగవు అనుటయే నిజము.

కోనసీమలోని ఒక గ్రామమునకు పనిమీద వెళ్ళినపుడు అట్టి తగవు ఒకటి మా యెదుటనే జరిగినది. ఆ యింటి పెద్దావిడ డెబ్బదియేండ్లు దాటినవారు. కోడలు మెట్టసీమనుండి వచ్చిన చదువుకొన్న యిల్లాలు. తిండికి ఇరువది బస్తాల ధాన్యము ఏటేట ఉంచుకొను ఆచారము ఆ యింట ఇప్పటికిని ఉన్నది. కొత్త బియ్యపు అన్నము ముద్దయగునని, సార్వా ధాన్యమును ఆరుమాసములైన మాగనిచ్చి గాని వారు మరపట్టించరు. ఆ ధాన్యము ఎందులో ఉండవలెనన్నదే తగవు.

"పురి కట్టుకున్నన్నాళ్ళూ మా ఇంట్లో బియ్యం ముక్కవాసన వేశాయని ఎవరైనా అన్నారా బాబూ? ఈ రేకు డ్రమ్ములు గుమ్మంలోకి వచ్చాకే ఈ కంపు!" అని పెద్దావిడ మొదలుపెట్టినారు.

"పురిలో ఎలుకలు తిన్నది ఎవరు లెక్కపెట్టారు అత్తయ్యగారూ? ముందటేడు అడుగున మిగిలింది ఊకే కదండీ" అని కోడలు నెమ్మదిగానే అన్నారు గాని, ఆ నెమ్మదిలో చురుకు ఉన్నది.

"మీరు ఆఫీసరుగారు కదా, మీరే చెప్పండి" అని ఇరువురును మా వైపు తిరిగిరి. ఇట్టి సమయమున కాఫీ త్రాగి లేచిపోవుట తెలివైన పని. మేము ఆ పని చేయలేదు.

తీర్పునకు ముందు రెండేండ్ల కథ అడిగి తెలిసికొంటిమి. ముందటి యేడు ధాన్యము పురిలో ఉన్నది. ఆషాఢమునాటికి క్రింది భాగమును ఎలుకలు తొలిచినవి. పైభాగమున వడ్లచిలుక లేచినది. గత యేడు కోడలి కోరికపై రేకు డ్రమ్ములు కొన్నారు. సార్వా చేనును యంత్రముతో కోయించి, రోడ్డుమీద రెండు దినములు ఆరబెట్టి, డ్రమ్ములలో పోసి మూత బిగించినారు. ఫాల్గుణములో మూత తీయగా పైన జానెడు మందమున ధాన్యము ఉండకట్టి, బూజుపట్టి యున్నది. ఈ నష్టమును అత్తగారు మరువలేదు. ముందటి నష్టమును కోడలు మరువలేదు. ఎవరి లెక్క వారికి నోటికి వచ్చును.

పురి అనగా నేటి పిల్లలకు తెలియకపోవచ్చును. వరిగడ్డిని లావైన వెంటిగా పేని, ఎత్తుగా గడ్డి పరచిన తావున దానిని వలయముగా చుట్టుచు, లోన ధాన్యము పోయుచు, గోడను పైపైకి లేపుదురు. తుదకు గడ్డికప్పు వేయుదురు. ఖర్చు లేదు, గడ్డి ఇంటిదే, చేతులు ఇంటివే. గడ్డిగోడ గాలిని ఆడనిచ్చును గనుక ధాన్యములో మిగిలిన కొద్దిపాటి తేమ మెల్లగా వెలికి పోవును. అయితే ఆ గోడ ఎలుక పంటికి అడ్డు కాదు. వానకాలమున బయటి చెమ్మయు అదే దారిని లోనికి వచ్చును.

డ్రమ్ము గుణము ఇందుకు విరుద్ధము. ఎలుక దానిని కొరుకలేదు. బయటి చెమ్మ లోనికి రాదు. లోని చెమ్మ బయటికి పోదు. ఈ చివరి మాటయే ఆ యింట ఎవరికిని తట్టలేదు. పచ్చి ధాన్యమును రేకులో మూసిన, పగటి వేడికి తేమ పైకి లేచి, రాత్రి చల్లబడిన మూత అడుగున నీటిబొట్లుగా నిలిచి, మరల ధాన్యముమీదనే రాలును. జానెడు బూజునకు కారణమిది. డ్రమ్ము దోషము కాదు. అందులో పోసిన ధాన్యము ఆరకపోవుట దోషము.

మరి పురి కాలమున ధాన్యము ఎట్లు ఆరినది? పెద్దావిడ అనుభవమున ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నది గాని, అది పురి గొప్పయని ఆమె తలచినారు. అప్పుడు చేను కోసి, పనలు ఆరనిచ్చి, కుప్ప వేసెడివారు. సంక్రాంతి ముందు వెనుకలుగా కుప్ప నూర్చెడివారు. వారములకొలది కుప్పలో ఉన్న గింజ అక్కడనే తేమను కోల్పోయెడిది. పురిలోనికి వచ్చినది ఎండిన ధాన్యము. నేడు యంత్రము ఒక్కపూటలో కోసి, నూర్చి, గింజను చేతిలో పెట్టుచున్నది. ఆ గింజలో తేమ నూటికి ఇరువది వంతులకు మించి యుండుట కద్దు. కూలీలు దొరకని రోజులలో, తుపాను భయముగల కార్తికమాసములో, యంత్రమును ఎవరు తప్పుపట్టగలరు? 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానును చూచిన కోనసీమవారికి, కోతను ఒక్కదినము ముందు ముగించుట ఎంత మేలో మేము చెప్పనక్కరలేదు. అయితే కుప్ప చేసిన పనిని ఇప్పుడు ఎండయే చేయవలెను. రెండు దినములు చాలవు.

ఇక్కడ ఇంకొక పొరపాటు కలదు. ఆ యింటి కుమారుడు, "కొనుగోలు కేంద్రంలో తేమ చూసి బాగుందన్నారండీ" అనినాడు. అది నిజమే. కొనుగోలు కేంద్రములలో 17 శాతము తేమవరకు ధాన్యమును అంగీకరింతురు. కాని అది త్వరలో మిల్లునకు పోవు ధాన్యము. ఇంటిలో పదిమాసములు నిలువవలసిన ధాన్యములో తేమ 14 శాతమునకు మించరాదు. 12, 13 అయిన మరింత మేలు. అమ్మకమునకు తగినంత ఆరిన గింజ నిలువకు తగినంత ఆరినది కాదు.

తేమ కొలుచు యంత్రము ప్రతి యింట ఉండదు. సీసా మాత్రము ఉండును. పొడిగా తుడిచిన గాజుసీసాలో మూడవవంతు ధాన్యము పోసి, ఎండబెట్టి చల్లార్చిన మెత్తని ఉప్పు గుప్పెడు వేసి, మూత పెట్టి ఒక నిమిషము బాగుగ కుదిపి, పావుగంట ఉంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో ధాన్యములో తేమ 15 శాతమునకు మించియున్నదని అర్థము, మరల ఎండబెట్టవలెను. అంటుకొనక రాలిపోయినచో 15కు లోపల ఉన్నట్లు. అయినను నిలువకొరకు ఇంకొక దినము ఎండనిచ్చుటయే మంచిది. పెద్దావిడ ఈ పరీక్షను విని నవ్వి, గింజ నోట వేసికొని కొరికి, "పటుక్కుమంటే చాలదా?" అనినారు. ఆమె పంటికి చాలును. కోడలి పంటికి ఇంకను నలుబదియేండ్ల అనుభవము కావలెను.

ఎండబెట్టుటలోను మెళకువ గలదు. బరకముమీద పలుచగా పరచి, గంటకొకసారి కాలితోనో పారతోనో త్రిప్పుచుండవలెను. దాళ్వా ధాన్యమును చైత్రవైశాఖముల మండుటెండలో ఒక్కపట్టున మాడ్చిన గింజకు పగుళ్ళు వచ్చి, మరలో నూక ఎక్కువగును. ఎండనుండి ఎత్తిన ధాన్యమును వేడిమీద మూయక, నీడను చల్లారనిచ్చి పోయవలెను.

పురుగుల సంగతికి వత్తము. ముక్కుపురుగు గింజకు బెజ్జము చేసి, లోపల గ్రుడ్డు పెట్టి, బెజ్జమును మూసివేయును. పిల్ల లోననే పెరిగి, ఇంచుమించు ఒక మాసమునకు పెద్దపురుగై వెలికి వచ్చును. "నిన్నటిదాక లేదు, ఈవేళ ఎక్కడినుండి వచ్చినది?" అని మనము ఆశ్చర్యపడుదుము. అది లోపలనే ఉన్నది. పురుగునకును గాలి కావలెను. బాగుగ ఎండిన ధాన్యమును అంచువరకు నింపి, గాలి చొరకుండ మూసినచో, లోపలి ప్రాణవాయువు తగ్గి పురుగు చచ్చును. సగము ఖాళీగానున్న డ్రమ్మును, ప్రతి ఉదయము మూత తీయు డ్రమ్మును, మూసియు మూయనట్లే. ఆ యింట పురిని మాసమునకు ఒక్కసారి, మంచిదినము చూచి విప్పెడివారట. కోడలు దానిని చాదస్తమని తలచినారు. కారణము ఏదైనను ఆచరణ మంచిది. నెలకు సరిపడునది ఒక్కసారి తీసి, చిన్నడబ్బాలో ఉంచుకొని, పెద్దదానిని మరల మూయుట డ్రమ్మునకును వర్తించును.

వేపాకు విషయమున ఇరువురును ఏకాభిప్రాయులు. దురదృష్టవశమున ఇరువురును పొరపడినారు. పచ్చి రెమ్మలు త్రుంచి ధాన్యములో వేసినచో ఆకులోని నీరు ధాన్యమునకు చేరును. నీడను ఎండించిన ఆకునే వేయవలెను.

మినుములు, పెసలు మరియొక తీరు. సార్వా కోసిన మాగాణిలో పండు ఈ పప్పుధాన్యములకు పట్టు పురుగు చేనిలోనే కాయమీద గ్రుడ్డు పెట్టి, మనతోపాటు ఇంటికి వచ్చును. దానికి గింజలన్నిటికి పలుచగా నూనె పట్టించుటయే పాతకాలపు మందు. మన ఇండ్లలో ఆముదము వాడుదురు. కిలోకు ఒక చెంచాడు చాలును. గ్రుడ్డునకు గాలి ఆడక నశించును. పప్పుగా విసరి ఉంచినచో ఈ పురుగు బెడద చాల తగ్గును. కొందరు బియ్యములో బోరికు పొడి కలుపుదురు. అది తినుపదార్థములో కలుపదగినది కాదు. ఎంత కడిగినను ఆ పని వలదు.

ఇంతవరకు జరిగినది నవ్వుకొనదగిన తగవు. ఇంతలో కుమారుడు అలమారనుండి ఒక చిన్న గొట్టము తెచ్చి చూపినాడు. "ఈ గొడవంతా ఎందుకండీ? డ్రమ్ముకి రెండు బిళ్ళలు వేస్తే పురుగన్నది ఉండదని కొట్లో చెప్పారు." అవి అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలు. డ్రమ్ములున్న గదికిని పిల్లలు పడుకొను గదికిని నడుమ తలుపు కూడ సరిగ పడుటలేదు.

మేము ఆ గొట్టమును చేతికి తీసికొని, తక్కిన మాటలన్నియు ఆపి, ఈ సంగతి చెప్పితిమి. ఆ బిళ్ళ గాలిలోని చెమ్మ తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువును వదలును. అది గిడ్డంగులలో, శిక్షణ పొందినవారు, మనుష్యులను దూరముగ ఉంచి వాడుటకు ఉద్దేశించినది. కాపురమున్న ఇంట వాడుట ప్రాణాపాయము. ఆ వాయువు తలుపుసందులగుండ పోవును. నిద్రించువానిని నిద్రలోనే పట్టును. దానికి విరుగుడు మందు లేదు. పురుగుకు మందు, మనిషికి ఏమగును అను ధీమా మనకు క్రొత్తది కాదు. ఒకనాడు విరివిగా చల్లిన డి.డి.టి.ని పంటలపై వాడరాదని మన దేశములో 1989లోను, బి.హెచ్.సి.ని మొత్తముగా 1997లోను నిషేధించినారు. పెద్దావిడ అంతయు విని, కొడుకును ఒక్కమాట అనక, మనుమరాలిని దగ్గరకు తీసికొని కూర్చుండిరి. ఆ పూట అత్తాకోడండ్రు ఇరువురును ఒకే పక్షము.

ఎలుకల మాట మిగిలినది. ఆహారధాన్యముల నష్టమును గురించి కేంద్ర ప్రభుత్వము నియమించిన పాన్సే సంఘము 1960లలో వేసిన అంచనాలో, నిలువలో పోవునది నూటికి 6.58 వంతులు, అందులో ఎలుకలవి 2.5, పురుగులవి 2.55. నాటి లెక్క నేటి ఇంటికి యథాతథముగా వర్తింపకపోవచ్చును. అయినను 75 కిలోల బస్తాలు ఇరువదింటిలో ఆ వంతున పోయినచో సుమారు 99 కిలోలు, అనగా ఒక బస్తాకు పైగా పోవును. ఆ లెక్క వ్రాసి చూపగా పెద్దావిడ మొదటిసారి పురిని గురించి మౌనము వహించిరి.

నేల గుణమును బట్టియు పద్ధతి మారవలెను. తెలంగాణములో, రాయలసీమలో పాతర త్రవ్వి జొన్నలు దాచెడివారు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువ నీటితో తడియుచున్న మన డెల్టాలో గొయ్యి తీసిన నీరు ఊరును. కావున డ్రమ్మునైనను బస్తానైనను నేలకు, గోడకు తాకకుండ చెక్కబల్లలపై నిలుపవలెను. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు రూపొందించిన 'పూసా' గాదెలో మట్టి ఇటుకల రెండు గోడల నడుమ ప్లాస్టిక్ పొర ఉండును. పెద్దావిడకు మట్టిగోడ, కోడలికి చెమ్మ చొరని పొర. ఈ మాట చెప్పి ఇరువురిని మెప్పింప యత్నించితిమి గాని, కట్టుటకు పెరడు చాలదని ఇరువురును కొట్టివేసినారు.

మరుసటి యేడు సంక్రాంతి తరువాత ఆ దారిని పోవుచు ఆ యింటికి వెళ్ళితిమి. ధాన్యమును ఐదు దినములు ఎండబెట్టిరట. ఉప్పుసీసా పరీక్ష మనుమరాలు చేసినది. గింజ కొరుకు పరీక్ష నాయనమ్మ చేసినారు. వేసవిలోగా తినునది చిన్న పురిలోను, వానకాలమునకు ఉంచునది అంచువరకు నింపిన డ్రమ్ములలోను చేరినది. బిళ్ళల గొట్టము ఆ యింట లేదు. మేము సంతోషించి లేచుచుండగా, ఆవకాయ జాడీలోనే ఉండవలెనా, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టవచ్చునా అను మాట వంటయింట మొదలైనది. ఈసారి కాఫీ త్రాగి లేచి వచ్చితిమి.