జావాలో ఆప్షనల్: యాప్ క్రాష్ అవ్వకుండా ఎలా వాడాలి?

నంద్యాల, ఆళ్లగడ్డ ఫ్రెండ్స్ కోసం రక్తదాతల నంబర్లతో ఓ చిన్న ఆండ్రాయిడ్ యాప్ చేశాను. ఓ రాత్రి ఆళ్లగడ్డ నుంచి ఫోన్: "రేయ్, మా మామకి ఓ నెగటివ్ రక్తం కావాలి, నీ యాప్ ఓపెన్ అయిన వెంటనే మూసుకుపోతోందిరా!" నా పాత నోట్‌బుక్ వెతికి నంబర్లు చదివి వినిపించాను. తప్పు నాదే, అదీ ఒక్క లైన్‌లో.

అసలేం జరిగింది?

రెండో ఫోన్ నంబర్ అందరికీ ఉండదు కాబట్టి, దాన్ని ఆప్షనల్‌లో పెట్టాను. 2014లో జావా 8తో వచ్చిన ఈ క్లాస్ ఒక డబ్బా లాంటిది: లోపల విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ నేను రాసింది ఆప్షనల్.ఆఫ్(నంబర్). కొత్తగా చేర్చిన ఒక దాతకు ఆ నంబర్ నల్. అంతే, నల్ పాయింటర్ ఎక్సెప్షన్! ఒక్కరి వల్ల లిస్ట్ మొత్తం ఆగిపోయింది.

డబ్బా తయారీకి మూడు దారులు

1. ఆఫ్: విలువ కచ్చితంగా ఉంటుందని తెలిస్తేనే. నల్ ఇస్తే అక్కడికక్కడే ఎర్రర్.
2. ఆఫ్‌నల్లబుల్: విలువ ఉందో లేదో తెలియనప్పుడు. నల్ వస్తే ఖాళీ డబ్బా ఇస్తుంది. నేను వాడాల్సింది ఇదే.
3. ఎంప్టీ: విలువ లేదని మనకే తెలిసినప్పుడు. ఆప్షనల్ ఇచ్చే మెథడ్ నుంచి ఎప్పుడూ నల్ రిటర్న్ చేయకండి, ఎంప్టీ ఇవ్వండి.

ఇవి కూడా గుర్తుంచుకోండి

• ఫారమ్‌లో ఖాళీగా వదిలిన గడి చాలాసార్లు నల్ కాదు, ఖాళీ స్ట్రింగ్. ఆఫ్‌నల్లబుల్‌కు అది కూడా విలువే. దాన్ని ఫిల్టర్‌తో తీసేయాలి.
• చూసుకోకుండా గెట్ పిలిస్తే ఖాళీ డబ్బా దగ్గర నో సచ్ ఎలిమెంట్ ఎక్సెప్షన్ వస్తుంది. బదులుగా ఇఫ్‌ప్రెజెంట్ లేదా ఆర్‌ఎల్స్ వాడండి.
• ఆర్‌ఎల్స్‌లో రాసిన మెథడ్, విలువ ఉన్నా సరే నడుస్తుంది. అది బరువైన పనైతే ఆర్‌ఎల్స్‌గెట్ బెటర్.
• ఆండ్రాయిడ్‌లో ఆప్షనల్ 7.0 నుంచి ఉంది. పాత ఫోన్లకూ యాప్ ఇస్తుంటే డీషుగరింగ్ ఆన్ చేయండి. కోట్లిన్‌లో రాస్తుంటే టైప్ పక్కన ప్రశ్న గుర్తు పెడితే చాలు.

ఇప్పుడు నేను ప్రతి యాప్‌నూ ముందు నల్, ఖాళీ స్ట్రింగ్, అసలు నంబర్ అని మూడు రకాల డేటాతో టెస్ట్ చేస్తున్నాను. రెండు నిమిషాల పని. ఆ రాత్రికి ముందే చేసి ఉంటే, ఆళ్లగడ్డ నుంచి ఆ ఫోన్ వచ్చేదే కాదు.