కుక్కపిల్లకన్నా ముందు మన ఎండని చూడు, చెల్లాయ్

చెల్లాయ్, పరీక్షలవగానే చిన్నాడికి కుక్కపిల్లని కొనిస్తానని మాటిచ్చావట. సంతోషం. కుక్కతో పెరిగిన పిల్లలకి జాలీ ఓపికా రెండూ అబ్బుతాయి. కాకపోతే ఫోన్లో ఫొటో చూసి అడ్వాన్సు పంపేముందు నేను చెప్పే నాలుగు మాటలు విను.

ముందు మన ఎండ సంగతి. రోహిణి కార్తెలో ఉంగుటూరు ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? పగలు 40 డిగ్రీలు దాటి, పొద్దుగూకాక కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. మనకి చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. కుక్కకి అరికాళ్లలో తప్ప చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చుకుంటూనే ఒంట్లో వేడి తగ్గించుకోవాలి. పగ్, షిట్జూలాంటి చప్పిడిముక్కు జాతులకి ఆ గాలి ఆడే దారే ఇరుకు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతే వాటికి ప్రాణం మీదికొస్తుంది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్‌ని చూసి ఎంతోమంది ఆ జాతిని కొన్నారు. దాని గురకని ముద్దుగా చెప్పుకుంటారుగానీ, చాలాసార్లు అది ఊపిరి సరిగా ఆడక పడే యాతనమ్మా.

మనం పమేరియన్ అని పిలుచుకునే తెల్ల బొచ్చుకుక్క చాలావరకు ఇండియన్ స్పిట్జ్. ప్రేమాలయం సినిమాలో టఫీ ఉందే, ఆ జాతి. మూతి పొడవు, తరాలుగా మన వాతావరణంలోనే పెరిగింది. నన్నడిగితే చిన్నకుక్కల్లో మన ఊరికి అదే నయం. దానికైనా ఎండాకాలం నీడా, ఫ్యానూ, ఎప్పుడూ చల్లటి నీళ్లూ ఉండాల్సిందే. జాలిపడి గుండు మాత్రం చేయించకు. ఆ బొచ్చే దాని చర్మాన్ని ఎండనించి కాపాడుతుంది. రోజూ దువ్వి, రాలే వెంట్రుకలు తీసేస్తే చాలు. అయితే బాగా మొరుగుతుంది. గోడా గోడా కలిసిన ఇళ్లు కదా, పక్కింటివాళ్లతో ముందే ఓ మాట అనుకో.

ఇక మామిడికాయల కాలం. మనిళ్లలో రసాలు చీకి టెంకలు పెరట్లో పడేయడం అలవాటు. చిన్నకుక్క టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది. వాంతులు, తిండి మానేయడం, ఆఖరికి ఆపరేషన్. అందుకని టెంకలన్నీ మూతున్న బుట్టలోకే. తొక్కా టెంకా తీసి పండుముక్క కొంచెం పెడితే ఫరవాలేదు. పూతమీద తేనెమంచు పురుగుకి మందు కొట్టే రోజుల్లో తోటలోకి తీసుకెళ్లొద్దు. కాళ్లకంటిన మందుని నాకేస్తుంది. ఐదారు కిలోల ప్రాణికి ఆ కాస్తే ఎక్కువ. ఎలకలమందూ అంతే.

మనం తినేదంతా పెట్టకూడదు. ఉల్లీ వెల్లుల్లీ దాని రక్తాన్ని దెబ్బతీస్తాయి కాబట్టి ఆవకాయన్నం, సాంబారన్నం వద్దు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. ఉడికిన కోడి ఎముకలు విరిగి గుచ్చుకుంటాయి. ఈ మాట అత్తయ్యగారికి నువ్వే చెప్పాలి, ప్రేమకొద్దీ ముద్దలు పెట్టేది ఆవిడే!

కొనేటప్పుడు తల్లికుక్కని చూపించమను. చూపించకపోతే వెనక్కొచ్చెయ్. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. కళ్లు తెరిచీ తెరవని పిల్లని చేతిలో పెడితే దాన్ని పెంచడం నీ తరం కాదు. 'టీకప్' అని చెప్పి రేటు పెంచుతారు. ఆ పేరుతో జాతేదీ లేదు. కెన్నెల్ క్లబ్ కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. పిల్ల హుషారుగా ఉందా, విరేచనాలున్నాయా, ఏ తేదీన ఏ టీకా వేశారో కాగితం మీద ఉందా అన్నది చూడు.

గన్నవరం మనకి పక్కనే. పిల్లని తెచ్చాక అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీకాలు మొదలై, నాలుగో నెలదాకా మూడు నాలుగు వారాలకోసారి వెయ్యాలి. అవి పూర్తికాకుండా వీధిలో తిప్పితే పార్వో అంటుకోవచ్చు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే పిల్ల పోవచ్చు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన ఏటేటా. గోమార్లు పడితే ఊరికే గిల్లి పారేసి ఊరుకోకు. అవి రక్తానికి జబ్బు పట్టిస్తాయి, డాక్టరునడిగి మందు వాడు.

ఒక్కటి మాత్రం నీకే చెబుతున్నా. చిన్నజాతి కుక్కలు పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి. చిన్నాడిప్పుడు ఆరో తరగతి. ఇంటర్‌కి హాస్టల్‌కి పోతాడు, ఆ తర్వాత ఉద్యోగమని ఎక్కడికో పోతాడు. కుక్క నీ దగ్గరే ఉంటుంది. స్నానం, దువ్వడం, టీకాలు, ముసలితనంలో దాని పళ్లూ మోకాళ్లూ అన్నీ నువ్వే చూడాలి. కాబట్టి వాడికి కావాలా అని కాదు, నీకు కావాలా అని అడుక్కో. కావాలనిపిస్తే ఈ ఎండలు పోనిచ్చి, వానలు పడ్డాక తెచ్చుకో. పిల్లని చూడ్డానికి వెళ్లేరోజు నాకు ఫోన్ చెయ్, నేనూ వస్తా.