సంచీ బోర్లించాక తెలిసిన సంగతులు

నాకు 71 ఏళ్లు. గాల్‌బ్లాడరు తీయించుకున్నాను, తర్వాత మోకాలు మార్పించుకున్నాను. మధ్యలో మా ఆయనకి హెర్నియా.

1. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు దగ్గర మందులు నోటితో చెప్పకండి, సంచీతో సహా పట్టుకెళ్లండి. "బీపీకి చిన్న తెల్లబిళ్లమ్మా" అన్నాను. మత్తు డాక్టరు మా మనవరాలి వయసు పిల్ల. సంచీ బల్ల మీద బోర్లించమంది. ఎకోస్ప్రిన్ అట్ట పక్కకి తీసింది. అది రక్తం పల్చబరిచే మందు. ఆపాలో వద్దో, ఎన్నాళ్ల ముందో వాళ్లే చెప్పాలి. గుండెలో స్టెంటున్నవాళ్లు సొంతంగా మానేస్తే అసలుకే మోసం. ఆఖర్న అడుగునుంచి ఓ కాగితప్పొట్లం జారింది. "ఇదేంటి పెద్దమ్మా?" "మందు కాదులే తల్లీ, నొప్పులకి పక్కూరి చూర్ణం." ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. అలాంటి పొడుల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారట. అది నెలల తరబడి మింగిన ఒంటికి ఆపరేషనప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చట. ఇంకో పరీక్ష రాసి, తేదీ వెనక్కి జరిపారు. తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టుకోను.

2. గురక, ఆయాసం, ఊగే పన్ను, పెట్టుడు పళ్లు, ఇదివరకు మత్తు పడకపోవడం... అన్నీ మత్తు డాక్టరుకే చెప్పాలి. చుట్ట మానేశానని మా ఆయన చెప్పారు. జేబులో అగ్గిపెట్టె ఉందని నేను చెప్పాను. మూడ్రోజులు మాటల్లేవు.

3. పరగడుపంటే కాఫీ కూడా వద్దనే. మామూలుగా మంచినీళ్లకి 2 గంటలు, పాలు కలిసినదానికి 6 గంటలు ఎడం ఉండాలంటారు. మీకు చెప్పిన టైమే మీకు లెక్క. మత్తులో పొట్టలోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం.

4. ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ పెట్టే సంతకం మీది, మీ అబ్బాయిది కాదు. సమీరా కోహ్లీ అనే ఆవిడ పరీక్ష కోసం ఒప్పుకుంటే, మత్తులో ఉండగా వాళ్లమ్మని అడిగి గర్భసంచీ తీసేశారు. స్పృహలోకొచ్చాక ఆవిణ్ణే అడగాల్సింది, తల్లి ఒప్పుకుంటే చెల్లదని 2008లో సుప్రీంకోర్టు అంది. అందుకే "లోపల ఇంకేమైనా కనిపిస్తే ఏం చేస్తారు?" అని ముందే అడిగాను. సర్జను గారు కుర్చీ ముందుకి లాక్కుని బొమ్మ గీసి మరీ చెప్పారు.

5. ఆపరేషన్ పొద్దున "ఏ కాలమ్మా?" అని నర్సు, సర్జను, మత్తు డాక్టరు విడివిడిగా అడిగారు. "కాగితాల్లో లేదా?" అన్నాను. ఉన్నా నా నోటితో చెప్పించుకోవాలట. కుడికాలు చూపించాక పెన్నుతో బాణం గీశారు.