ఏసీ కొనేముందు చెల్లాయికి

చిరంజీవి చెల్లాయికి,

ఎండలు ముదరకముందే పడకగదికి ఏసీ పెట్టిస్తున్నామని రాశావు. సంతోషం. కానీ ఆ చిన్న గదికి బావగారు 2 టన్నులది చూశారని, పెద్దదైతే గది త్వరగా చల్లబడి కరెంటు కలిసొస్తుందని షాపులో చెప్పారని చదివి, మీరు డబ్బు కట్టేలోపే ఈ ఉత్తరం అందాలని రాస్తున్నాను.

ఏసీ చల్లదనాన్ని తయారు చేయదమ్మా. గదిలో ఉన్న వేడినీ తేమనీ తీసి బయట పారబోస్తుంది, అంతే. 1902లో విల్లిస్ కారియర్ అనే ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చాఫీసు కోసం దీన్ని రూపొందించింది మనుషుల సుఖానికి కాదు. గాలిలో తేమకు కాగితం సాగి, రంగులు పడాల్సిన చోట పడకపోతుంటే ఆ తేమను అదుపు చేయడానికి. మీ విశాఖలో మనిషిని సతాయించేది కూడా ఆ తేమే. హైదరాబాదు ఎండ వేరు, మీ ఉక్కపోత వేరు.

అందుకే టన్నుల విషయంలో తొందరపడొద్దు. టన్ను అంటే యంత్రం బరువు కాదు, గంటకు 12,000 బీటీయూల వేడిని తీసే శక్తి. చిన్న గదిలో పెద్ద ఏసీ పెడితే గాలి నిమిషాల్లో చల్లబడుతుంది, కంప్రెసర్ ఆగిపోతుంది. తేమ పోవాలంటే చల్లటి కాయిల్ మీదుగా గాలి చాలాసేపు తిరగాలి. ఆ సమయమే దానికి దొరకదు. ఒళ్లు వణుకుతుంది, దుప్పటి మాత్రం చెమ్మగా ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ తన వేగం తగ్గించుకుంటుంది కనుక ఈ బాధ కొంత తక్కువ, కానీ ఆ తగ్గడానికీ ఒక హద్దుంది. మీది 120 చదరపు అడుగుల గది, పైన ఇంకో అంతస్తు ఉంది, పడమటి ఎండ తగలదు. 1 టన్ను చాలు. అన్నట్టు, ఇన్వర్టర్ ఏసీ అంటే కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఉన్న బ్యాటరీ మీద నడిచేది కాదని అత్తయ్యగారికి కూడా చెప్పు.

16 డిగ్రీల్లో పెడితే త్వరగా చల్లబడుతుందన్నదీ అపోహే. మామూలు ఏసీలో కంప్రెసర్‌కు ఉండేది ఒకటే వేగం. రిమోట్‌లో నువ్వు నొక్కే అంకె ఎక్కడ ఆగాలో మాత్రమే చెబుతుంది. మండుటెండలో ఆ 16 రానే రాదు, కంప్రెసర్ ఆగనే ఆగదు. స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నియమం ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా విద్యుత్తు ఆదా అవుతుందని ఆ స్టార్ గుర్తులిచ్చే ప్రభుత్వ సంస్థ బీఈఈ లెక్క. 26లో పెట్టి ఫ్యాను సన్నగా తిప్పి చూడండి. ఏసీ వేస్తే ఫ్యాను కట్టేయాలని ఎవరు చెప్పినా వినొద్దు.

నాకు ఒళ్లు మండేది గ్యాస్ మాట వింటే. ప్రతి ఎండాకాలం "గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి" అంటారు, మనవాళ్లు వేలకు వేలు ఇచ్చేస్తారు. బండిలో పెట్రోలులా అది ఖర్చయ్యేది కాదు. మూసేసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో లీకవుతోందన్నమాటే. లీకు ఎక్కడో చూపించమని అడుగు. దాన్ని మూసి, పంపుతో వ్యాక్యూమ్ చేసి, యూనిట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం తూచి నింపాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32 కొద్దిగా మండే స్వభావం ఉన్నది కూడా. లీకు వదిలేసి పైపైన నింపించుకోవడం డబ్బు దండగే కాదు, ప్రమాదం. కొత్తది బిగించేటప్పుడూ వ్యాక్యూమ్ పంపు లేకుండా వచ్చినవాళ్లను పని మొదలుపెట్టనివ్వకు. గొట్టాల్లో గాలీ చెమ్మా మిగిలిపోతే కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది.

చల్లదనం తగ్గిందనిపిస్తే ముందు ఫిల్టర్ తీసి కడుగు. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. బయటి యూనిట్‌ను బాల్కనీలో నాలుగు వైపులా మూసి పెట్టించొద్దు. అది వదిలిన వేడిని మళ్లీ అదే పీల్చుకుంటుంది. మీకు సముద్రం దగ్గర కనుక ఉప్పుగాలి దాని రేకులను త్వరగా తినేస్తుంది. తుప్పు పట్టకుండా పూత ఉన్న కాయిలేనా అని అడిగి తీసుకోండి.

ఇంకో మాట, పిల్లల కోసం. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు, ఉన్న గాలినే తిప్పుతుంది. నలుగురూ తలుపు కింద గుడ్డ కుక్కి రాత్రంతా పడుకుంటే పొద్దున్నే తల బరువుగా ఉండదూ? ఆ గుడ్డ తీసేయ్. లేవగానే కిటికీలు తెరువు.

బావగారు కొటేషన్ తెచ్చాక ఫొటో తీసి పంపు. బిగింపు ఖర్చులో వ్యాక్యూమ్, రాగి గొట్టం ఎన్ని అడుగులో వేరుగా రాయించమను. అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ
అన్నయ్య