ఇంజన్ ఆయిల్లో అయస్కాంతం: చేయవలసినవి, చేయకూడనివి

డ్రెయిన్ బోల్టు తీసేసి ఆ స్థానంలో అయస్కాంతం ఉన్న బోల్టు బిగించుకోవడం ఇప్పుడు చాలామంది ఇంటి దగ్గరే చేసుకుంటున్నారు. అలవాటు మంచిదే. బోరు, రింగులు, కామ్‌షాఫ్ట్, టైమింగ్ చైను, గేర్లు అరిగి రాలిన ఇనుప రజను ఆ బోల్టు మొనకు అంటుకుని అక్కడే నిలిచిపోతుంది. విమానాల ఇంజన్లలో, హెలికాప్టర్ల గేరుబాక్సుల్లో ఇదే పద్ధతిలో రజను పట్టి, పైలట్ ముందు హెచ్చరిక దీపం వెలిగించే ఏర్పాటు ఉంటుంది. అయితే అయస్కాంతం పట్టేది ఇనుమును, ఉక్కును మాత్రమే. పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం, బేరింగుల రాగి, తగరం, సీసం, బయటి దుమ్ము, మసి దానికి చిక్కవు. పైగా తగని అయస్కాంతం, నిలవని అతుకు, మితిమీరిన బిగింపు, వీటిలో ఏ ఒక్కటైనా బాగున్న ఇంజన్ను పాడుచేస్తుంది. బైకు, స్కూటరు, ఆటో, కారు, ట్రాక్టరు ఏది ఉన్నవారైనా కింది సూచనలు పాటించండి.

చేయవలసినవి

• ముందు పాత బోల్టు విప్పి మొన చూడండి. కొన్ని బండ్లకు కంపెనీయే అయస్కాంతం పెట్టి ఇస్తుంది.

• మర కొలత, బోల్టు పొడవు మాన్యువల్లో చూసుకుని సరిగ్గా అదే కొలతది కొనండి. మొన పొడవైతే లోపలి జాలీకి తగులుతుంది.

• వారంటీ ఉన్న బండి అయితే కొనకముందే సర్వీసు సెంటరులో అడగండి.

• వేడిని తట్టుకునే గ్రేడు అడిగి తీసుకోండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మామూలు నియోడైమియం అయస్కాంతం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోతుంది, చల్లారాక కూడా పూర్తి బలం తిరిగి రాదు. ఇంజన్ ఆయిల్ మామూలుగానే 90 నుంచి 110 డిగ్రీల దాకా కాగుతుంది, ఎండాకాలం ఘాట్ రోడ్డెక్కితే ఇంకా పైకి పోతుంది.

• ప్యాకెట్ మీద గ్రేడు చదవండి: అంకె తర్వాత ఎస్‌హెచ్ అని ఉంటే 150 డిగ్రీలు, యూహెచ్ అని ఉంటే 180 డిగ్రీలు తట్టుకుంటుంది, అంకె తర్వాత అక్షరం లేకపోతే అది 80 డిగ్రీల రకమే.

• సమేరియం కోబాల్ట్ రకం దొరికితే అదే తీసుకోండి, ఇంజన్ వేడి దానికి లెక్క కాదు.

• అయస్కాంతాన్ని బోల్టు గుంతలో కూర్చి, లోహపు అంచుతో నొక్కి పట్టించిన రకాన్నే ఎంచుకోండి.

• బండిని సమంగా ఉన్న గట్టి నేల మీద నిలపండి. బైకుకు సెంటర్ స్టాండు వేయండి, కారుకు హ్యాండ్‌బ్రేకు లాగి చక్రాలకు అడ్డు పెట్టండి.

• కారు కింద దూరే ముందు జాకీతో పాటు తప్పనిసరిగా స్టాండ్లు పెట్టండి.

• ఇంజన్ను రెండు మూడు నిమిషాలు నడిపి ఆపండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు.

• నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు వేసుకోండి. వాడిన ఆయిల్ ఏళ్ల తరబడి చర్మానికి తగిలితే చర్మరోగాలే కాదు, క్యాన్సర్ ముప్పూ ఉంది.

• చివరి మరలు చేత్తోనే విప్పి, ఆయిల్ ధార మొదలవగానే చెయ్యి పక్కకు తీయండి.

• బోల్టును రంధ్రం అంచుకు తగలకుండా తీయండి, తగిలితే పట్టిన రజను అక్కడే ఊడిపోతుంది.

• తుడిచే ముందు చూడండి. మొనకు పట్టినదాన్ని తెల్ల కాగితం మీదికి తీసి, గ్లోవ్స్ తొడిగిన వేళ్ల మధ్య నలపండి. కాటుకలా మెత్తగా పరుచుకుంటే మామూలు అరుగుదల. గరుకుగా తగిలితే అనుమానించండి. పదునైన పొలుసో, గేరు పన్ను కొసో కనిపిస్తే బండి స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలిపించండి.

• బైకులో రజను కారు కంటే ఎక్కువే కనిపిస్తుందని గుర్తుంచుకోండి. చాలా బైకుల్లో ఇంజను, గేర్లు, క్లచ్ ఒకే ఆయిల్లో మునిగి ఉంటాయి.

• కొత్త బండి మొదటి సర్వీసులో రజను ఎక్కువ రావడం సహజం. తర్వాతి మార్పులకు తగ్గుతోందో లేదో గమనించండి.

• దించిన ఆయిల్ పట్టిన డబ్బా అడుగున మిగిలిన నాలుగు చెంచాల ఆయిల్‌ను తెల్లటి ప్లాస్టిక్ మూతలో పోసి, మూత కింద అయస్కాంతం కదిపి చూడండి. దాని వెంట నడిచేది ఇనుము. కదలకుండా మెరుస్తూ నిలిచేది ఇనుము కాదు: పసుపు, రాగి రంగులో ఉంటే బేరింగో బుష్షో, తెల్లగా ఉంటే అల్యూమినియం. కదలని మెరుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఇంజన్ చూపించండి.

• ఈ పరీక్షకు వాడే అయస్కాంతాన్ని పాలిథిన్ కవరులో చుట్టండి. కవరు తిరగదీస్తే రజను మొత్తం సులువుగా వస్తుంది.

• మొన ఫోటో తీసి, తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకోండి. ఒక్కసారి చూసినదాని కంటే నాలుగుసార్లు పోల్చినదే మెకానిక్‌కు పనికొస్తుంది.

• మొనను గుడ్డతో తుడిచి, ఇంకా వదలని రజనును అంటుకునే టేపుతో లాగేయండి.

• స్కూటరుకు గేరు ఆయిల్ బోల్టు వేరుగా ఉంటుంది, దాన్నీ చూడండి.

• హీరో స్ప్లెండర్ తరహా ఇంజన్లలో మార్చే కాగితపు ఫిల్టరు ఉండదు. మాన్యువల్ చెప్పిన గడువుకు జాలీని, క్రాంకు కొసన తిరిగే ఆయిల్ రోటరును కడిగించండి.

• వాషరు ప్రతిసారీ కొత్తది వేయండి.

• మూడు నాలుగు మరలు చేత్తో ఎక్కాకే పానా పట్టండి. మొదటి మరలోనే బిగుసుకుంటే వంకర పడిందని అర్థం, విప్పి మళ్లీ పెట్టండి.

• మాన్యువల్ చెప్పిన మేరకే టార్క్ రెంచితో బిగించండి.

• ఆయిల్ పోశాక ఇంజన్ను ఐదు నిమిషాలు నడిపి, బోల్టు చుట్టూ తడి ఉందేమో చూడండి. ఆపి, ఆయిల్ కిందికి దిగనిచ్చి గేజి చూడండి.

• మర్నాడు ఉదయం బండి కింద నేల మరోసారి చూడండి.

చేయకూడనివి

• విడి అయస్కాంతాన్ని ఆయిల్ పోసే రంధ్రంలోంచి లోపలికి జారవిడవకండి. గేర్ల మధ్యకు పోతే ఇంజన్ పట్టేస్తుంది.

• పాత స్పీకరు అయస్కాంతాన్ని చాంబరులో అంటించకండి. పెళుసు సరుకు, పగిలి ముక్కలు ఆయిల్లో కలుస్తాయి.

• ఎపాక్సీ జిగురుతో అయస్కాంతాన్ని బోల్టు మొనకు అతికించకండి. చల్లగా ఉన్నప్పుడు ఎంత లాగినా ఊడదు, దాన్ని చూసే చాలామంది నమ్ముతారు. కాగిన ఆయిల్లో నెలల తరబడి నానాక మెత్తబడి ఊడిపోతుంది.

• పాత బోల్టుకు లేతు మీద రంధ్రం వేయించకండి; బలహీనపడిన బోల్టు తల తెగితే ఆయిల్ వెనక చక్రం మీద కారి బైకు జారిపడుతుంది.

• ఆయిల్ ఫిల్టరు డబ్బా మీద బయటి నుంచి అంటించే అయస్కాంతాలను నమ్ముకోకండి. ఆ డబ్బా ఇనుప రేకే, బలంలో చాలా భాగం ఆ రేకులోనే తిరిగిపోతుంది.

• అలాంటిది ఇప్పటికే పెట్టుకుని ఉంటే, ఫిల్టరు విప్పకముందు దాన్ని ఊడదీయకండి. పట్టి ఉంచిన రజను మళ్లీ ఆయిల్లోకి వదిలిపోతుంది.

• అల్యూమినియం చాంబరుకు అయస్కాంతాన్ని టేపుతో కట్టకండి; అతుక్కోదు, కుదుపుకు రోడ్డు మీద రాలిపోతుంది.

• క్రాంకు సెన్సర్, స్పీడు సెన్సర్, ఏబీఎస్ సెన్సర్ దగ్గర బలమైన అయస్కాంతం పెట్టకండి, సిగ్నల్ చెదిరే ప్రమాదం ఉంది.

• నియోడైమియం అయస్కాంతాన్ని సుత్తితో కొట్టకండి; పగిలిన పెంకులు కంట్లో పడతాయి.

• దానికి గ్రైండరు గానీ డ్రిల్లు గానీ తగిలించకండి. ఆ పొడికి నిప్పంటుకుంటుంది.

• బలమైన అయస్కాంతాలు రెండింటిని దగ్గరికి తెచ్చేటప్పుడు మధ్యలో వేలు ఉంచకండి.

• గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు అయస్కాంతాన్ని ఛాతీకి 15 సెంటీమీటర్ల లోపలికి రానివ్వకండి, చొక్కా జేబులో అసలే వేసుకోకండి.

• పిల్లలకు అందేచోట అయస్కాంతాలు వదలకండి. రెండు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో పెట్టి ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. మింగారని అనుమానం కలిగితే చాలు, నొప్పి వచ్చేదాకా ఆగకండి, వాంతి చేయించకండి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

• కాగిన ఇంజన్ మీద డ్రెయిన్ బోల్టు విప్పకండి. ఆయిల్ ధారే కాదు, సైలెన్సరూ కాలుస్తుంది.

• ఇటుకలు, రాళ్లు పేర్చి వాటి మీద కారు నిలపకండి.

• పానాకు పైపు తొడిగి బోల్టు బిగించకండి. అల్యూమినియం చాంబరు మర కొట్టుకుపోతే బోల్టు ఖర్చుతో తేలదు.

• మరకు నల్లాల టేపు చుట్టకండి. తెగిన పీలికలు జాలీకి అడ్డం పడతాయి.

• మొన మీది రజనును గాలి గన్నుతో ఊదకండి, ఉత్త వేళ్లతో తుడవకండి.

• పెట్రోలుతో కడగకండి, దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

• ట్రాక్టరు గేరుబాక్సు బోల్టును తుడవకుండా తిరిగి బిగించకండి. చాలా ట్రాక్టర్లలో అదే ఆయిల్ హైడ్రాలిక్‌కు కూడా వెళ్తుంది.

• అయస్కాంతం ఉంది కదా అని ఆయిల్ మార్పు గడువు దాటనివ్వకండి. ఆయిల్ పలచబడటాన్ని, మసి చేరడాన్ని అది ఆపలేదు.

• ఆ ధైర్యంతో ఫిల్టరు మార్చడం మానకండి.

• మొన శుభ్రంగా ఉంటే ఇంజన్ క్షేమమని తేల్చుకోకండి. బేరింగు అరుగుతున్నా మొనకు ఏమీ అంటకపోవచ్చు. బలం పోయిన అయస్కాంతం మొన కూడా అంతే శుభ్రంగా కనిపిస్తుంది; బిగించే ముందు చిన్న ఇనుప నట్టు అంటించి బలం చూడకుండా లోపలికి పంపకండి.

• ఆయిల్ ప్రెషరు దీపం వెలిగాక "షెడ్డు దగ్గరేగా" అని బండి నడపకండి. ఇంజన్ అక్కడికక్కడే ఆపి తోయించుకుని వెళ్లండి.

• దించిన ఆయిల్‌ను మురుగు కాలువలో, బావి దగ్గర, పొలం గట్టున పారబోయకండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద అది ప్రమాదకర వ్యర్థం.

• చెదలు పట్టకుండా గుంజలకు పూయకండి, పశువుల పుండ్లకు రాయకండి, పొయ్యిలో కాల్చకండి.

• తినే నూనె డబ్బాల్లో, నీళ్ల సీసాల్లో దాన్ని నిల్వ ఉంచకండి; గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, పైన పేరు రాసి, వాడిన ఆయిల్ తీసుకునే సర్వీసు సెంటరుకు అప్పగించండి.