కప్పను కోయకుండానే కబురు తెలుసుకుందాం

విద్యార్థులారా! తొలకరి కురిసిన రాత్రి కప్పల బెకబెకలు మీరు వినే ఉంటారు. మా బాన్సువాడలో మంజీర ఒడ్డు మడుగుల్లోను, నిజాంసాగర్ ఆయకట్టు వరి మళ్ళలోను బోదురు కప్పలు గొంతెత్తి అరుస్తాయి. అరిచేవి మగ కప్పలు. అది ఆడ కప్పకు పిలుపు.

ఒక మడుగులో యాభై కప్పలు కనిపించాయనుకోండి. పదేళ్ళ తరువాత కూడా అక్కడ కప్పలుంటాయని చెప్పగలమా? చెప్పలేం. అవి సంతానాన్ని ఇవ్వగల స్థితిలో ఉన్నాయో లేదో తెలియాలి. కప్ప చర్మం పలుచన. నీటిలో కరిగిన మందులు దాని గుండా ఒంట్లోకి చేరగలవు. అట్రజిన్ అనే కలుపు మందు అతి స్వల్పంగా కలిసిన నీటిలో పెంచిన ఆఫ్రికా కప్పల్లో కొన్ని మగవి ఆడవిగా మారి గుడ్లు కూడా పెట్టాయని టైరోన్ హేస్ బృందం 2010లో ప్రకటించింది. దీనిపై శాస్త్రజ్ఞుల మధ్య వాదోపవాదాలు జరిగాయి. ఏమైనా, కప్పలను లెక్కపెడితే చాలదని తేలింది.

నేను బి.ఎస్సీ. చదివే రోజుల్లో అండాశయం చూడాలంటే కప్పను క్లోరోఫారంతో చంపి, మైనపు పళ్ళెంలో పెట్టి కోసేవాళ్ళం. కోస్తే తెలిసే మాట నిజమే. కాని ఆ కప్ప ఇక గుడ్లు పెట్టదు! కప్పలు తగ్గిపోతున్న చోట ఇలా చేస్తే మొదటికే మోసం. మరి చంపకుండా తెలుసుకోవడం ఎలా?

1. బయటి గుర్తులు: సంతానోత్పత్తి కాలంలో మగ బోదురు కప్ప ఒళ్ళు పసుపుపచ్చగా మారుతుంది. గొంతుకు ఇరుపక్కలా ధ్వని కోశాలు నీలంగా ఉబ్బుతాయి. ముందుకాలి మొదటి వేలిపై దళసరి మెత్త ఏర్పడుతుంది. ఇవి మగ హార్మోను పనిచేస్తోందనడానికి గుర్తులు.

2. మూత్రపు చుక్క: మగ కప్పలో శుక్రకణాలు మూత్రపిండాల గుండా వచ్చి, మూత్రం వచ్చే దారినే బయటికి వస్తాయని పాఠంలో చదివారు కదా! అర్జెంటీనాకు చెందిన గల్లి మైనిని 1947లో దీన్నే గర్భ పరీక్షకు వాడాడు. గర్భిణి మూత్రాన్ని మగ కప్పకు ఎక్కిస్తే, అందులోని హార్మోను వల్ల కొద్ది గంటల్లో కప్ప మూత్రంలో శుక్రకణాలు కనిపించేవి. నేడు అదే హార్మోనును కప్ప ఆరోగ్యం తెలుసుకోవడానికి వాడుతున్నారు. ఆ మూత్రపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసి శుక్రకణాల సంఖ్య, చురుకుదనం తెలుసుకుంటారు.

3. స్కానింగ్: గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ పరీక్షనే ఆడ కప్పకూ చేస్తారు. కడుపులో గుడ్లు ఉన్నదీ లేనిదీ తెరపై కనిపిస్తుంది.

4. గుడ్లు: ఫలదీకరణం జరిగిన గుడ్డు కొద్ది గంటల్లోనే విభజన చెందడం మొదలుపెడుతుంది. జరగనివి కొంతకాలానికి తెల్లగా పాలిపోతాయి.

రెండు, మూడు పద్ధతులు అనుమతి పొందిన నిపుణులు చేయవలసినవి. బోదురు కప్పకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కాబట్టి పట్టుకోవద్దు, ఇంటికి తేవద్దు. ఒక మడుగులో తడిసిన చెప్పులను కడిగి ఆరబెట్టకుండా మరో మడుగులో దిగవద్దు. కప్పల చర్మానికి సోకే బూజు తెగులు అలా పాకవచ్చు.

మీరు చేయగల పని ఒకటుంది. ఈ వానాకాలం పెద్దలతో కలిసి ఒకే మడుగు దగ్గరికి వెళ్ళండి. తేదీ, వాన, అరుపులు, గుడ్లు, తోకకప్పలు కనిపించిన రోజు పుస్తకంలో రాయండి. వచ్చే ఏడు మళ్ళీ రాయండి. అరుపులు వినిపించి, తోకకప్పలు కనిపించకపోతే ఎందుకో మీ సైన్సు మాస్టారిని అడగండి.