మేనకోడలికి, కాలి ఆపరేషన్ గురించి

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నప్పట్నుంచీ మనసు మనసులో లేదు. ఇవన్నీ మాటల్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. డాక్టరుగారు ఆపరేషన్ అన్నారు, మీ అత్తగారు వద్దంటే వద్దన్నారు. వాళ్ల మాట తర్వాత చూద్దాం, ముందు నీ కాలు ఏమంటోందో చూసుకో.

బొటనవేలి మొదట్లో ఉన్న ఆ బుడిపె మా అమ్మకి ఉండేది. నాకు రెండు కాళ్లకీ వచ్చింది. మీ నాన్నకి రాలేదు గానీ నీకు వచ్చింది. అది కొత్తగా పెరిగిన గడ్డ కాదమ్మా. బొటనవేలు పక్కవేలి మీదికి ఒరిగేకొద్దీ, దాని వెనక పాదంలో ఉన్న ఎముక బయటికి తోసుకొస్తుంది. ఆ ఎముక కొసే మనకి బుడిపెలా కనిపించేది. అందుకే పైపైన చెక్కితే సరిపోదు, మళ్లీ వస్తుంది. ఎముకని కోసి, లోపలికి జరిపి, స్క్రూలు బిగించాలి. చిన్న పనేమీ కాదు.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. నేల మీద న్యూస్‌పేపరు పరిచి, రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబడు. పాప చేత పాదం చుట్టూ పెన్సిలు గీయించు. రోజూ బడికి వేసుకెళ్లే చెప్పుని ఆ గీత మీద పెట్టి చూడు. నేను పెట్టి చూస్తే పెన్సిలు గీత రెండువైపులా బయటికొచ్చింది, బుడిపె వైపు వేలు మందాన. ముప్ఫై ఏళ్లు నా పాదాన్ని దానికన్నా ఇరుకైన దాంట్లో కుక్కుకున్నానన్నమాట. ముందు ముక్కు వెడల్పుగా, మడమ తక్కువగా ఉన్నవి కొనుక్కుని మూడు నెలలు చూడు. నా కుడికాలు అలాగే సర్దుకుంది. బుడిపె పోలేదు, కానీ నొప్పి లేదు, ఆ కాలు కోయించుకోలేదు. వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు ఒరిపిడిని ఆపుతాయి, ఎముకని మాత్రం సరిచెయ్యవు. మెట్టె ఒరుసుకుని పుండు పడుతుంటే తీసి పక్కన పెట్టు. అత్తగారికి నేను చెబుతాను.

నా ఎడమకాలి సంగతి వేరు. ఎలాంటి చెప్పులు వేసినా తగ్గలేదు. బరువంతా రెండో వేలి మీద పడి దాని కింద ఆనె కట్టింది. రాత్రి దుప్పటి తగిలినా మెలకువ వచ్చేది. అందుకే ఏడేళ్ల కిందట ఆపరేషన్ చేయించుకున్నాను, అందుకు చింత లేదు. నీకూ అంత నొప్పి ఉంటే చేయించుకో, భయపడకు. చూడ్డానికి బాగాలేదనీ, ముందు ముందు పెరుగుతుందేమోననీ మాత్రం వద్దు. నొప్పి లేని పాదాన్ని కోయించుకుని నొప్పి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఎక్స్‌రే ఎలా తీశారో అడగటం మర్చిపోయాను. నాకు మొదట ఒకచోట బల్ల మీద పడుకోబెట్టి తీశారు. రెండో డాక్టరుగారు దాన్ని పక్కన పెట్టి, నిలబెట్టి మళ్లీ తీయించారు. బరువు పడితేగానీ వేలు ఎంత ఒరిగిందో తెలియదు. 15 డిగ్రీల లోపు ఒరుగు మామూలే, నాది నిలబడితే 34 వచ్చింది. నీకు పడుకోబెట్టి తీసుంటే మళ్లీ తీయించు. ఇంకో డాక్టరుకీ చూపించు. ఎముక ఎక్కడ కోస్తారు, కీలు అరిగిందా, మళ్లీ ఒరిగే అవకాశం ఎంత అని అడుగు. షుగర్ పరీక్ష తప్పకుండా చేయించు.

ఆపరేషన్ రోజు కష్టం కాదు, తర్వాతి ఆరు వారాలే కష్టం. గట్టి అడుగున్న ప్రత్యేకమైన చెప్పు వేసుకుని మడమ మీద నడవాలి. మొదటి పది పదిహేను రోజులు కాలు దించితే చాలు, కాసేపటికే వంకాయరంగు తిరిగి సలిపేది. రెండు తలగడల మీద ఎత్తి పెడితేగానీ ఊరట లేదు. అన్నం మంచం దగ్గరికే రావాలి. స్కూటీ మాటే వద్దు. సాయంత్రమయ్యేసరికి వచ్చే వాపు ఎనిమిది నెలలు ఉంది.

ఇంకోటి, ఎవరూ చెప్పరు. గొంతుక్కూర్చుని ముగ్గు వేసేటప్పుడు మడమ లేచి, బరువంతా బొటనవేలి మొదట్లో పడి వేలు వెనక్కి వంగుతుంది చూడు, నా ఎడమ వేలు ఇప్పుడు అంత వంగదు. ధనుర్మాసంలో పీట వేసుకుని ముగ్గు పెడుతున్నాను. నొప్పి పోయినందుకు అది నాకు సమ్మతమే. నీకు సమ్మతమో కాదో నువ్వే ఆలోచించుకో.

చేయించుకోవాలనే అనుకుంటే వేసవి సెలవులు మొదలైన వారంలోనే పెట్టించుకో. జూన్‌లో బడి తెరిచేసరికి ఏడు వారాలు దొరుకుతాయి. అప్పుడు కూడా రోజంతా నిలబడి పాఠం చెప్పకు, కుర్చీ కావాలని హెడ్మాస్టరుగారిని ఇప్పుడే అడుగు. రెండు కాళ్లూ ఒకేసారి మాత్రం ఒప్పుకోకు, బాత్రూముకి వెళ్లడానికైనా ఒక కాలు నీది కావాలి.

పిల్లల జడలూ క్యారేజీలూ నేను చూసుకుంటాను. ఏప్రిల్ 20 తర్వాత ఎప్పుడు రమ్మన్నా వస్తాను. ఆ న్యూస్‌పేపరు మీది గీతని ఫోటో తీసి పంపు, పక్కన చెప్పు పెట్టి తియ్యి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య